ఆరూడా సారు గడియారానికి నాలుగు బెజ్జాలు

అమెరికా చరిత్ర నేను పుస్తకంలో చదువుకోలేదు. గోడలోంచి విన్నాను.

మా హైస్కూల్లో నాది రెండొందల పదమూడో గది. పేరు మారియెట్, లెక్కలు చెబుతాను. హెర్కులానో ఆరూడా సారుది పక్క గది, చరిత్ర. మధ్యలో గోడ కట్టినవాడెవడో గాని అట్టముక్కకి రంగు వేసి పొమ్మన్నాడు. సారు గొంతు చూస్తే మిల్లు సైరను. ఇరవయ్యారేళ్ళుగా నా పిల్లలు వర్గ సమీకరణాలతో కుస్తీ పడుతుంటే అవతలి గదిలో ఓడలు రేవుకి చేరుతూనే ఉన్నాయి, జనం మూటలతో దిగుతూనే ఉన్నారు, మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మా ఊరు హార్లో ఫాల్స్‌లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ప్రతివాడికీ సగం చరిత్ర ఉచితంగా వచ్చింది. లెక్కలు ఎంత వచ్చాయన్నది వేరే సంగతి.

సారు పాఠం కూర్చుని వినేది కాదు. అక్టోబరులో నేలమీద సుద్దముక్కతో పన్నెండడుగులకి పదడుగుల గది గీసి, అందులోకి పదకొండు మంది పిల్లల్ని, రెండు కుర్చీల్ని, ఒక బక్కెట్‌ని తోసేవాడు. "ఇది మీ ఇల్లు. ఇందులో ఇద్దరు అద్దెకున్నవాళ్ళు, ఒకరికి దగ్గు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎప్పుడు పడుకుంటారు?" అనేవాడు. ఒక ఏడు తలుపు గీయడం మరిచిపోయాడు. పిల్లలు అడిగితే, "మీ ఇంటి ఓనరు కూడా మరిచిపోయాడు" అన్నాడు.

జనవరిలో మిల్లు వారం. బల్లలన్నీ వరసగా పేర్చి, కాగితప్పెట్టెలు మడతపెట్టించేవాడు. ఒక్కో పిల్లకి ఒక్క మడతే. మడిచి పక్కకి తొయ్యి, మడిచి పక్కకి తొయ్యి. సారు వెనక తిరుగుతూ "ఇంకా తొందరగా" అంటుంటాడు. బుధవారానికల్లా పిల్లలు సమ్మె చేయాలి, అప్పుడు గాని అసలు పాఠం మొదలవదు. ఓపికగల పిల్లలు వచ్చిన ఏడు, బుధవారం మధ్యాహ్నమైనా ఎవరూ లేవకపోతే సారుకి కంగారు పుట్టేది. నీళ్ళు తాగడానికి వెళ్ళొద్దనేవాడు, కిటికీలు మూయించేవాడు. కూలీల చేత సమ్మె చేయించడానికి అంత చెమటోడ్చిన యజమాని ప్రపంచంలో ఇంకొకడు ఉండడు.

ఈ తతంగమంతా నల్లబల్ల మీద వేలాడే గడియారం కింద జరిగేది. గుండ్రటి ముఖం, కింద గాజు తలుపు, లోపల లోలకం. గంటగంటకీ కొడుతుంది, అదీ ఏడు నిమిషాలు ముందు. అది కొట్టగానే నా పిల్లలు పుస్తకాలు మూసేస్తారు. సారు వాళ్ళ తాత మనుయెల్ పోర్చుగీసువాళ్ళ అసోరిస్ దీవుల్నుంచి వచ్చి ఇక్కడి బార్టన్ మిల్లులో నేతపని చేశాడు. ఈ గడియారం ఆ మిల్లుదే, మిల్లు మూతపడ్డప్పుడు తాత ఇంటికి తెచ్చుకున్నాడని సారు చెప్పేవాడు. ముఖం కింద చెక్కమీద నాలుగు బెజ్జాలుండేవి. పందొమ్మిదివందల ఇరవయ్యేడు శీతాకాలపు సమ్మెలో జనం రాళ్ళు విసిరితే పడ్డ గుర్తులట అవి. నాలుగు బెజ్జాలూ నాలుగు మూలల్లో, స్కేలు పెట్టి కొలిచినట్టుండేవి. నేను లెక్కల దాన్ని, దీర్ఘచతురస్రం కనబడితే గుర్తుపడతాను. రాళ్ళు విసిరేవాళ్ళకి అంత కొలత ఎలా కుదిరిందని ఒక్కరోజైనా అడగలేదు. పక్కవాడి తాతగారి జోలికి పోకూడదని మా అమ్మ నేర్పింది.

ఆ సమ్మె సంగతి కొంచెం చెప్పాలి. పదకొండు వారాలు జరిగింది. చర్చి కింది హాల్లో ఆడవాళ్ళు పెద్ద పెద్ద డేగిశాల్లో కేల్ ఆకు, షురీసు అనే పందిమాంసం సాసేజి వేసి సూపు కాచి సమ్మెవాళ్ళకి పోశారు. దాని గుర్తుగా ఇప్పటికీ మార్చి రెండో శనివారం సాయంత్రం ఊరంతా అదే హాల్లో సూపు తాగుతుంది. ఒక ఆచారం ఉంది. ఎవరింటి పెద్దలు సమ్మె చేశారో వాళ్ళే గరిటె పట్టాలి. మిగతావాళ్ళు గిన్నె పట్టుకుని వరసలో నిలబడాలి. గరిటె పట్టడమంటే మా ఊళ్ళో చిన్న గౌరవం కాదు. అందుకని ఏటికేడాది గరిటె వరస పెరుగుతోంది, గిన్నె వరస తరుగుతోంది. కిందటేడు వడ్డించేవాళ్ళు నూట అరవై మంది, తినేవాళ్ళం యాభై ఇద్దరం. మావాళ్ళు క్విబెక్ నుంచి వచ్చింది సమ్మె అయిపోయిన పదేళ్ళకి. కాబట్టి నాది గిన్నె వరసే. వడ్డించేవాళ్ళ పోరు పడలేక మూడు గిన్నెలు తాగి ఇంటికెళ్ళాను.

మనవడిగా సారు ఇరవయ్యారేళ్ళనుంచీ గరిటె పడుతున్నాడు. తాత మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ సూపుకి రాలేదట. కేల్ ఆకు పొట్టకి పడదనేవాడట. అసోరిస్ మనిషికి కేల్ పడదంటే చేపకి నీళ్ళు పడవన్నట్టే. అయినా ఎవరి పొట్ట వాళ్ళది.

సారు పాఠంలో ఒక మాట ఉంది. సమ్మెలో గేటు దాటి లోపలికి వెళ్ళి పనిచేసినవాళ్ళ గురించి. "వాళ్ళు మగ్గం ముందు నిలబడ్డారు గాని, ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడలేకపోయారు" అంటాడు ఏటా, అక్కడ ఒక క్షణం ఆగుతాడు. నా పిల్లలకి కూడా కంఠతా వచ్చేసిన మాట అది.

పోయిన ఫిబ్రవరిలో సారు క్లాసు పిల్ల ఎవెలిందా ఇష్కోయ్ మధ్యాహ్నం తిండివేళ నా గదికి వచ్చింది. నాలుగేళ్ళ కిందట గ్వాటెమాలా కొండల్నుంచి వచ్చిన పిల్ల. తల్లి కాతారీనా రేవు దగ్గర చేపల ఫ్యాక్టరీలో కోత పని చేస్తుంది. పిల్ల వెనక బల్లలో కూర్చుంటుంది, మాట తక్కువ.

"టీచర్, ఒక లెక్క ఉంది. మీది కాదు, ఆరూడా సార్ది."

"ఆయనకి లెక్కలెప్పటినుంచి? కిందటి వారం తేదీయే తప్పు రాశాడు."

"సార్ మమ్మల్ని లైబ్రరీలో పాత పేపర్లు చూసి, సమ్మె ఏడాదిది ఒక వార్త మీద వ్యాసం రాయమన్నారు. మా క్లాసులో ముత్తాతలు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు పదిహేడు మంది. పదిహేడు మందీ మావాళ్ళు సమ్మె చేశారనే అంటున్నారు. పేపర్లో చూస్తే ఎనిమిదో వారానికి నాలుగొందల మంది లోపలికెళ్ళి పనిచేస్తున్నారని ఉంది. మరి ఆ నాలుగొందల మందీ పిల్లల్ని కనలేదా టీచర్?"

అందరూ పల్లకి ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని సామెత. ఊరంతా తలపండిన వాళ్ళుండగా ఈ పిల్లకి తట్టింది. నాకు నవ్వాగలేదు. "వెళ్ళి వాళ్ళెవరో పట్టుకో" అన్నాను. ఆ నవ్వే పక్కగది కొంప ముంచింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. చేతిలో పాత పేపరు నకలు. ఏప్రిల్ నెలది. పదకొండు వారాల్లో ఒక్కరోజు కూడా మానకుండా పనిలోకి వచ్చిన ముప్ఫై ఎనిమిది మందికి బార్టన్ మిల్లు యాజమాన్యం తలా ఒక గోడ గడియారం బహూకరించింది. ఒక్కోదానికి పేరు చెక్కిన ఇత్తడి రేకు బిగించి ఇచ్చింది. పక్కన బొమ్మ వేశారు. గుండ్రటి ముఖం, గాజు తలుపు, ముఖం కింద నాలుగు మేకులతో రేకు. కింద పేర్ల పట్టీలో రెండో పేరు, మనుయెల్ ఆరూడా, నేత విభాగం.

అంతలో పక్కగదిలోంచి ఆ గడియారం ఒంటిగంట కొట్టింది, ఏడు నిమిషాలు ముందు. ఇద్దరం గోడవైపు చూశాం.

"టీచర్, ఇంకో వార్త కూడా ఉంది. ఒక ఆవు మిల్లు ముందు పట్టాలమీదికొస్తే గంటసేపు ట్రాములు ఆగిపోయాయి. దాని మీద రాయనా?"

"నీకు ఏది రాయాలనుంది?"

"ఇదే."

"అయితే ఇదే ఇవ్వు. సార్ పెద్దమనిషే" అన్నాను.

పెద్దమనిషే, కాని ఆ రోజు కాదు. వ్యాసం ఇచ్చిన మర్నాడు అవతలి గది నిశ్శబ్దంగా ఉంది. ఇరవయ్యారేళ్ళలో నేను వినని నిశ్శబ్దం. నా పిల్లలు పెన్సిళ్ళు దింపి గోడకేసి చూశారు. సాయంత్రం ఎవెలిందా వ్యాసం తెచ్చి నా బల్లమీద పెట్టింది. పైన ఎర్ర సిరాతో "ఆధారం చాలదు. ఇది సాధారణమైన పేరు. వేరే వార్త ఎంచుకో" అని రాసుంది.

"ఆవు మీద రాస్తాను టీచర్" అంది.

అంత వినయంగా అనేసరికి నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. "నీకెందుకే ఈ గొడవ? వాళ్ళెవరో నీకేమవుతారు?" అన్నాను.

సంచీ తాడు మెలిపెట్టుకుంది. కిందటి శరత్కాలంలో చేపల ఫ్యాక్టరీలో సమ్మెతో పందొమ్మిది రోజులు పని ఆగిన సంగతి ఊరికంతా తెలుసు. కాతారీనా ఆగలేదు. తెల్లారి నాలుగింటికి రోజూ లోపలికి వెళ్ళింది. అప్పట్నుంచీ వాళ్ళ వీధిలో కొందరు ఆమెతో మాట్లాడటం లేదు, బస్సు దగ్గర పిల్లలు ఎవెలిందా పక్కన నిలబడటం లేదు.

"ఎందుకెళ్ళిందో నేను అడగలేదు. ఇంట్లో తమ్ముళ్ళున్నారు, నేనున్నాను. తప్పో కాదో నాకు తెలీదు టీచర్. కానీ సార్ అన్న అద్దం మాట ఉంది చూడండి, అది మాత్రం నిజం కాదు. మా అమ్మ రోజూ అద్దంలో చూసుకుంటుంది. జడ వేసుకోవాలి కదా."

నేను లేచి పక్కగదికి వెళ్ళాను. సారు కాగితాలు దిద్దుతున్నట్టు నటిస్తున్నాడు. కలం మూత తీసి లేదు.

"ఈ ఊళ్ళో మనుయెల్ ఆరూడాలు ఎంతమందో తెలుసా నీకు?" అన్నాడు నేను నోరు తెరవకముందే. "రాయి విసిరితే ఇద్దరికి తగిలి మూడోవాడి మీద పడుతుంది."

"రాళ్ళ మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఆ రాళ్ళు విసిరినవాళ్ళు నాలుగు మూలలూ ఎలా కొలిచారు?"

"మా నాన్న చెప్పాడు."

"మీ నాన్నకి ఎవరు చెప్పారు?"

సారు కలం కింద పెట్టాడు. "ఎన్నేళ్ళబట్టి చూస్తున్నావు ఆ బెజ్జాల్ని?" అన్నాడు.

"ఇరవయ్యారు."

"చెప్పొచ్చుగా."

"నువ్వు గుక్క తిప్పుకుంటేగా చెప్పడానికి."

కుర్చీ వేసుకుని గడియారం దింపాడు. ఇరవయ్యారేళ్ళలో తాళం తిప్పడమే గాని వెనక చెక్క ఎప్పుడూ విప్పలేదట. వడ్రంగం క్లాసునుంచి స్క్రూడ్రైవరు తెచ్చాను. చెక్క ఊడదీస్తే, లోపల అడుగున నూనెగుడ్డలో చుట్టిన పొట్లం. విప్పితే ఇత్తడి రేకు, నాలుగు చిన్న మేకులు. "మనుయెల్ ఆరూడాకు, విశ్వాసానికి గుర్తుగా" అని రాసుంది. సారు దాన్ని బెజ్జాలమీద పెట్టి చూశాడు. నాలుగుకి నాలుగూ సరిపోయాయి.

"విప్పేశాడు గాని పారేయలేదు చూడు" అన్నాడు. తాత పోయేటప్పటికి సారుకి పదేళ్ళు. "ఆదివారాలు నానమ్మ కేల్ సూపు కాచేది. తాత రెండు గిన్నెలు తాగేవాడు మారియెట్. నేను పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ ఒక్క శనివారమే ఆయన పొట్టకి పడేది కాదు. ఇన్నేళ్ళూ నాకిది తట్టలేదు."

ఆయన గొంతు అంత సన్నగా ఉండగలదని నాకు తెలియదు. జాలేసింది. జాలేస్తే నాకు ఎగతాళి తప్ప ఇంకోటి చేతకాదు.

"ఇరవయ్యారేళ్ళు గరిటె తిప్పాను" అన్నాడు.

"బాగానే తిప్పావు. కొంచెం పల్చగా పోసేవాడివి, అంతే."

"సూపురోజు చదవడానికి ఆ పిల్ల వ్యాసం కంటే మంచిది క్లాసులో లేదు." ఏటా గరిటెలు లేచేముందు సారు ఎంచిన ఒక వ్యాసం పిల్లల చేత చదివిస్తారు, అదీ ఆచారమే. "చదివిస్తే నేనిక ఆ హాల్లో గరిటె ముట్టుకోలేను. చదివించకపోతే ఆ పిల్ల ముఖం చూడలేను. నువ్వైతే ఏం చేస్తావు?"

"నేను లెక్కల టీచర్ని. జవాబు తప్పయితే కొట్టేసి మళ్ళీ చేయిస్తాను."

ఆ మర్నాడు గోడలోంచి వినబడింది. "ఏటా నేనొక మాట చెబుతాను, అద్దం మాట. అది తప్పు. ఆ నాలుగొందల మందిలో ఒక్కరి ఇంటికి కూడా నేను వెళ్ళి అడగలేదు. మా ఇంట్లోనే ఒకాయనుంటే ఆయన్నీ అడగలేదు. సమ్మె చేసినవాళ్ళు గొప్పవాళ్ళే, అందులో మార్పు లేదు. లోపలికెళ్ళినవాళ్ళు ఎందుకెళ్ళారో తెలుసుకోకుండా నేను తీర్పు చెప్పేశాను. చరిత్ర టీచరు చేయకూడని పని అదే. ఎవెలిందా, ఆ వ్యాసం ఇలా తే." ఎర్ర సిరా రాత కొట్టేశాడని తర్వాత చూశాను. దాని కింద "పేరు తీసేయకుండా చదువు" అని రాశాడు.

శనివారం హాలు కిటకిటలాడింది. ఎవెలిందా స్టూలెక్కి చదివింది. ముప్ఫై ఎనిమిది గడియారాల సంగతి రాగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గరిటె వరసలో చాలామంది నేల చూపులు చూశారు. ఆ గడియారాలన్నీ ఎవరి అటకలమీద ఉన్నాయో నాకు ఆ క్షణంలో ఇంచుమించు లెక్క తేలింది. మనుయెల్ ఆరూడా పేరు చదువుతుంటే పిల్ల గొంతు తడబడింది. సారు గిన్నె వరసలోంచే తల ఊపి, కానివ్వమన్నాడు. ఆయన ముందు కాతారీనా, వెనక నేను.

మొదటి డేగిశా ఎప్పుడూ ఫిలొమీనా అత్తదే. ఎనభై నాలుగేళ్ళు. వాళ్ళమ్మ ఆ పదకొండు వారాలూ ఇదే హాల్లో సూపు కాచింది. గరిటె విషయంలో ఫిలొమీనా అత్త ఎవరినీ క్షమించే రకం కాదు. ముందు కాతారీనాకి నిండుగా పోసింది, "చిక్కిపోయావమ్మా, బ్రెడ్డు కూడా తీసుకో" అంది. తర్వాత తలెత్తింది.

"ఏరా హెర్కులానో, ఆ వరసలో ఏం చేస్తున్నావు? ఇటొచ్చి పట్టు, నా చెయ్యి లాగేస్తోంది."

"ఇదే నా వరస అత్తా. పిల్ల చదివింది వినలేదా?"

"విన్నాలేరా. చెవుడు నాకు ఎడంపక్కే." సారు చేతిలో రెండు గిన్నెలు చూసింది. "రెండెందుకు? తిండిపోతు."

"ఒకటి తాతది."

ఆమె గరిటె ఆగింది. ఫిలొమీనా అత్త గరిటెని డేగిశా అడుగుదాకా దించి, షురీసు ముక్కలన్నీ పైకి లాగి, రెండో గిన్నె నింపింది.

"మా అమ్మ ఏటా మీ తాతకని ఒక గిన్నె తీసి పక్కన పెట్టేది" అంది. "వస్తాడని చూసేది. వచ్చేవాడు కాదు. మళ్ళీ డేగిశాలో పోసేసేది. మీ తాత ఉన్న ఆ మూడంతస్తుల ఇంట్లో మీది, మాది ఒకటే గోడరా. ఆ గడియారం గంట కొడితే మా వంటింట్లో వినబడేది, అదీ ఏడు నిమిషాలు ముందు. మాకు తెలీదనుకున్నాడా పిచ్చోడు?"

ఆమె మొదటి గిన్నె కూడా నింపింది. రెండూ నిండి సూపు ఒలుకుతుంటే ఎవెలిందా వచ్చి రెండో గిన్నె అందుకుంది. నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం, ఐదో కుర్చీ ముందు ఆ గిన్నె పెట్టుకుని. సారు తన గిన్నె తాగాడు. తర్వాత తాత గిన్నె కూడా దగ్గరికి లాక్కున్నాడు.

"చల్లారిపోయింది, మార్చుకో" అన్నాను.

"తీసిపెట్టి ఎనభై ఏళ్ళు దాటింది మరి" అని, చెంచా ముంచాడు.